ఇంటి రౌటర్‌లో ఫైర్‌వాల్ ఎంత పెట్టాలి? హై, మీడియం, లో

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, పాఠం తర్వాత.

మాది జి.మాడుగుల. హాస్టల్లో ఈ పేరు చెప్పగానే "హల్వా తెచ్చావా?" అంటారు. హల్వా మాడుగుల వేరే. అది ఘాట్ కింద ఉన్న వి.మాడుగుల. మాది గంగరాజు మాడుగుల, పాడేరు దాటాక కొండల మధ్య ఉంటుంది. అడ్రస్‌లో ముందున్న ఒక్క అక్షరం తప్పితే పార్సిల్ ఘాట్ దిగిపోతుంది. ఈ ముక్క కాసేపు గుర్తుపెట్టుకోండి, ప్యాకెట్ల దగ్గర పనికొస్తుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాను. అప్పుడే కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ అయ్యింది, చేతులు ఊరుకోవు కదా. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి ఇంటి రౌటర్ పేజీ తెరిచాను. సెక్యూరిటీ అనే చోట ఫైర్‌వాల్ లెవెల్ అని ఒక డ్రాప్‌డౌన్ ఉంది: హై, మీడియం, లో, డిజేబుల్. మాది 'లో' మీద ఉంది. అమ్మ బ్యాంకు యాప్, నాన్న ఫోన్‌పే, చెల్లి చదువు అన్నీ నడిచే నెట్‌కి 'లో' ఏంటి అనిపించింది. హై పెట్టాను, సేవ్ కొట్టాను, యూట్యూబ్ ఆడుతోందా చూశాను. ఆడింది. లాగౌట్ అయి భోజనానికి వెళ్ళాను.

ఆ రోజుల్లో అమ్మమ్మ పాడేరులో ఆసుపత్రిలో ఉంది, పిన్ని తోడుగా ఉంది. ఆ రాత్రి పదకొండు దాటాక విశాఖపట్నం కేజీహెచ్‌కి తీసుకెళ్ళాలన్నారట. పిన్ని అమ్మకి చేసింది, నాన్నకి చేసింది, నాకు చేసింది. ముగ్గురి ఫోన్లూ "అందుబాటులో లేవు". ఆమెది కీప్యాడ్ ఫోన్, వాట్సాప్ లేదు. చివరికి బాబాయికి దొరికింది. ఆయన తెల్లవారుజామున ఆ చలిలో, పొగమంచులో బైక్ మీద మా ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. అప్పటికి అమ్మమ్మ, పిన్ని ఇద్దరే విశాఖ చేరిపోయారు.

మా ఇంట్లో సెల్ సిగ్నల్ గోడ దాటి లోపలికి రాదు. పెరట్లో పనస చెట్టు దాకా వెళ్తే రెండు గీతలొస్తాయి. అందుకే లోపలున్నంతసేపూ మా కాల్స్ అన్నీ వై-ఫై కాలింగ్ మీదే. నేను హై పెట్టిన సాయంత్రం నుంచి ఆ వై-ఫై కాలింగ్ ఆగిపోయింది. వెబ్‌సైట్లు మామూలుగా ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మమ్మ ఇప్పుడు బాగానే ఉంది. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే కారణం ఎవరికీ తెలీదు. రెండు రోజుల తర్వాత నేనే పట్టుకుని నేనే చెప్పాను. అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న: "మరి హై అంటే ఎక్కువ భద్రం కాదా?"

ఆ ప్రశ్నకి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే.

ఘాట్ మీద చెక్‌పోస్ట్

ఇంటర్నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్ మీద అయిదు విషయాలు ఉంటాయి. ఎవరి దగ్గర నుంచి, ఏ పోర్ట్ నుంచి, ఎవరికి, ఏ పోర్ట్‌కి, ఏ పద్ధతిలో (టీసీపీనా, యూడీపీనా). అడ్రస్ ఊరైతే, పోర్ట్ ఆ ఊళ్ళో ఇంటి నంబర్. ఒక్కో పద్ధతిలో 65,535 పోర్టులు వాడుకోవచ్చు. వెబ్‌సైట్లు ఎక్కువగా 443 లో ఉంటాయి, పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ 53 లో ఉంటుంది. 22, 23, 445 లాంటివి బయటివాళ్ళకి తెరిచి ఉంటే తలనొప్పి.

ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద ఒక చెక్‌పోస్ట్ ఊహించుకోండి. పాతకాలం ఫైర్‌వాల్ ఎలా పనిచేసేదంటే, గేటు దగ్గర ఒక కాగితం అంటించి ఉంటుంది: ఫలానా ఇంటికి వచ్చే బండ్లు ఆపాలి, ఫలానా చోటు నుంచి వచ్చేవి వదలాలి. ప్రతి బండినీ ఆ కాగితంతో పోల్చడమే. అంతకు ముందు ఏం జరిగిందో కాపలా మనిషికి గుర్తుండదు.

ఇప్పటి రౌటర్లలో కాపలా మనిషి దగ్గర ఒక రిజిస్టర్ కూడా ఉంటుంది. మన ఊరి నుంచి బండి బయటికి పోయేటప్పుడు రాసుకుంటాడు: 192.168.1.5 అనే ఫోన్, 51522 పోర్ట్ నుంచి, ఫలానా సర్వర్ 443 కి వెళ్ళింది. తిరిగి అదే సర్వర్ 443 నుంచి 51522 కి ఏదైనా వస్తే, రిజిస్టర్ చూసి గేటు ఎత్తుతాడు. రిజిస్టర్‌లో లేని బండి కింద నుంచి తనంతట తానే వస్తే వెనక్కి కూడా పంపడు, జవాబే ఇవ్వడు. దీన్నే స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ అంటారు. ఈ పద్ధతిని మార్కెట్లో ప్రచారం చేసిన ఇజ్రాయెల్ కంపెనీ 1993 లో మొదలైంది, దాని పేరే చెక్ పాయింట్. నా ఉపమానం నేనే కనిపెట్టానని మురిసిపోయాక ఈ సంగతి చదివాను.

కాబట్టి ఫైర్‌వాల్ మొదట అడిగేది "ఇది మంచిదా చెడ్డదా" అని కాదు. "ఈ మాట ముందు ఎవరు మొదలుపెట్టారు?" అని. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

టీసీపీలో మాట మొదలవడం తేలిగ్గా తెలుస్తుంది. సిన్, సిన్-ఆక్, ఆక్ అని మూడు ప్యాకెట్ల పలకరింపు ఉంటుంది. యూడీపీకి పలకరింపు లేదు, వీడ్కోలూ లేదు. అందుకని కాపలా మనిషి రిజిస్టర్‌లో ఒక టైమర్ పెట్టుకుంటాడు. కొంతసేపు ఆ వరసలో బండి రాకపోతే గీత కొట్టేస్తాడు. ఇంటి రౌటర్లు ఈ టైమర్ రెండు నిమిషాల కంటే తక్కువ పెట్టకూడదని, అయిదు నిమిషాలు మంచిదని 2007 లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4787 చెప్తుంది. అన్ని డబ్బాలూ పాటిస్తాయని కాదు.

వై-ఫై కాలింగ్ నడిచేది ఈ యూడీపీ మీదే. ఫోన్ ముందు ఆపరేటర్ గేట్‌వేకి యూడీపీ 500 మీద పలకరింపు పంపుతుంది. మధ్యలో అడ్రస్ మార్చే రౌటర్ ఉందని తెలియగానే 4500 కి మారి తాళం వేసిన సొరంగం కడుతుంది. ఆ సొరంగంలోనే కాల్స్ వచ్చిపోతాయి. ఎవరూ మాట్లాడకపోయినా "నేనింకా ఇక్కడే ఉన్నా" అని మధ్యమధ్యలో ఒక చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటుంది, రిజిస్టర్‌లో గీత పడకుండా. ప్రమాణం ప్రకారం మామూలుగా 20 సెకన్లకి ఒకసారి. బయట నుంచి వచ్చే కాల్ కూడా మన ఫోన్ ముందే తెరిచి ఉంచిన సొరంగంలోంచే వస్తుంది. అంటే వై-ఫై కాలింగ్ కోసం బయటివాళ్ళకి ఏ గేటూ తెరవక్కర్లేదు. లోపలివాళ్ళని బయటికి వెళ్ళనిస్తే చాలు.

నేను చేసింది సరిగ్గా దానికి అడ్డం పడటం.

ఆ మూడు మాటలకి ఒకే అర్థం లేదు

హై, మీడియం, లో అనేవాటికి ఏ ప్రమాణమూ లేదు. ఒక్కో కంపెనీ డబ్బాలో ఒక్కో అర్థం. ఇది నాకు తెలియకపోవడమే అసలు తప్పు. మిక్సీలో 1, 2, 3 లాగా ఒకే పని తక్కువగా, ఎక్కువగా చేస్తుందనుకున్నాను. అలా కాదు.

ఎక్కువ డబ్బాల్లో కనిపించే తీరు సుమారుగా ఇలా ఉంటుంది. 'లో' అంటే బయట నుంచి తెలిసిన కొన్ని ప్రమాదాల్ని ఆపి, పింగ్ లాంటివాటికి జవాబివ్వడం. 'మీడియం' అంటే బయటివాళ్ళు మొదలుపెట్టే ఏ మాటనైనా ఆపి, లోపలివాళ్ళు మొదలుపెట్టేవన్నీ వదలడం. 'హై' దగ్గర దారులు చీలిపోతాయి. కొన్ని డబ్బాల్లో హై అంటే మీడియం మీద ఇంకొన్ని కాపలాలు, అంతే. మరికొన్నింట్లో హై అంటే లోపలి నుంచి పోయేవాటిని కూడా ఒక చిన్న జాబితాకి కట్టేయడం: వెబ్ 80, 443, డీఎన్ఎస్ 53, మెయిల్ పోర్టులు, ఇంకో రెండు మూడు. జాబితాలో లేనిది ఏదైనా ఆగిపోతుంది. మా డబ్బాలో హై ఈ రెండో రకం. 500, 4500 ఆ జాబితాలో లేవు. యూట్యూబ్ 443 లో ఉంటుంది కాబట్టి ఆడింది, నన్ను మోసం చేసింది.

ఇదంతా చదివి "అయితే 'లో' లోనే ఉంచితే పోయేది కదా" అనకండి. మా డబ్బాలో 'లో' కింద సన్న అక్షరాల్లో రాసిన వివరణ తర్వాత చదివాను. ఐపీవీ6 గురించి అందులో ఒక్క మాట లేదు. దాని సంగతి చెప్పాలి.

పాత ఐపీవీ4 లో మనకి తెలియకుండానే ఒక కాపలా ఉంది. ఇంట్లో ఫోన్లకి 192.168 తో మొదలయ్యే ప్రైవేట్ అడ్రస్‌లు ఉంటాయి, బయటి ప్రపంచానికి రౌటర్ అడ్రస్ ఒక్కటే కనిపిస్తుంది. బయట నుంచి పిలవని ప్యాకెట్ వస్తే లోపల ఎవరికి ఇవ్వాలో రౌటర్‌కే తెలీదు, పారేస్తుంది. చాలా ఫైబర్ కనెక్షన్లలో ఆపరేటర్ దగ్గర ఇలాంటి మార్పిడి ఇంకోసారి జరుగుతుంది. రౌటర్ స్టేటస్ పేజీలో మీ వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ రెండో గోడ వెనకాల ఉన్నట్టే. ఆ అడ్రస్‌ల గుంపుని 2012 లో ఈ పనికే కేటాయించారు.

ఐపీవీ6 లో ఈ మార్పిడి ఉండదు. ఇంట్లో ప్రతి ఫోన్‌కి, టీవీకి, కెమెరాకి ప్రపంచం మొత్తంలో ఒక్కటే అయిన సొంత అడ్రస్ వస్తుంది. మన దేశం ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందు వరసలో ఉంది, చాలా ఇళ్ళలో అది ఎవరికీ చెప్పకుండానే నడుస్తోంది. ఒక ఇంటికిచ్చే గుంపులోనే 2 పవర్ 64 అడ్రస్‌లుంటాయి కాబట్టి ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవడం కష్టమే. కానీ మనం వెళ్ళిన ప్రతి సైటుకీ మన అడ్రస్ తెలుస్తుంది. ఇక్కడ ఫైర్‌వాల్ ఒక్కటే తలుపు. అందుకని లెవెల్ ఏదైనా, రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ అని వేరే బటన్ ఉందేమో వెతకండి, ఉంటే ఆన్‌లో ఉండాలి. నా లెక్కలో హై-మీడియం గొడవ కంటే ఇది పెద్ద విషయం.

ఇంకో మాట. కొంతమంది "పింగ్‌కి జవాబిస్తే దొంగలకి ఇల్లు కనిపిస్తుంది" అని ఐసీఎంపీ మొత్తం ఆపేస్తారు. బయట నుంచి వచ్చే పింగ్ ఆపడం సరే, నష్టం లేదు. మొత్తం ఐసీఎంపీ ఆపితే మాత్రం "ఈ ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది చేసి పంపు" అనే కబురు కూడా ఆగిపోతుంది. పీపీపీఓఈ మీద నడిచే ఫైబర్ కనెక్షన్లలో మామూలుగా ప్యాకెట్ 1500 బైట్లకి బదులు 1492 దాకానే పడుతుంది కాబట్టి ఆ కబురు అవసరం. అది రాకపోతే కొన్ని సైట్లు సగం తెరుచుకుని అలాగే నిలబడిపోతాయి, కొన్ని బాగుంటాయి. ఐపీవీ6 లో అయితే దారిలో రౌటర్లు ప్యాకెట్‌ని విడగొట్టవు, ఆ కబురు లేకపోతే అసలు కుదరదు.

2017 లో జరిగినవి రెండు

పుస్తకం పాఠం కంటే జరిగిన సంగతులు బాగా గుర్తుంటాయి. రెండూ మన దగ్గరివే, రెండూ 2017 లోవే.

మొదటిది మే నెల. మే 12 న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి, అప్పట్లో పేపర్లలో వచ్చింది. అది వాడింది విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే 445 పోర్ట్. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. మనకి కావల్సిన సంగతి: ఒక్క కంప్యూటర్ లోపల పడితే చాలు, పక్కనున్నవాటికి అదే పాకుతుంది. ఒకే వై-ఫైలో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య పోయే ప్యాకెట్ ఘాట్ చెక్‌పోస్ట్ దాకా వెళ్ళదు, ఊళ్ళో ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్తుంది. రౌటర్‌లో ఎంత హై ఉన్నా దాన్ని చూడనే చూడదు. అందుకే ల్యాప్‌టాప్‌కి దాని ఫైర్‌వాల్ దానికుండాలి. 2003 లో బ్లాస్టర్ వార్మ్ దెబ్బ తర్వాత, 2004 లో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి విండోస్ ఫైర్‌వాల్‌ని మైక్రోసాఫ్ట్ తనే ఆన్ చేసి ఇస్తోంది. హాస్టల్లో గేమ్ కనెక్ట్ కాలేదని దాన్ని ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయనివాళ్ళు మా ఫ్లోర్‌లోనే నలుగురున్నారు. పేర్లు రాయను.

రెండోది జూలై నెల. దేశంలో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేలకి వేలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. అరవై వేలకి పైగా అని అప్పట్లో వార్తలొచ్చాయి. బ్రికర్‌బాట్ అనే ప్రోగ్రాం వాటిలోకి దూరి సెట్టింగ్స్ పాడుచేసింది. మోడెమ్‌ని ఇటుకరాయి చేస్తుంది కాబట్టి ఆ పేరు. దూరడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. ఆపరేటర్ దూరం నుంచి మోడెమ్‌ని సరిచేయడానికి వాడే 7547 పోర్ట్ బయటి ప్రపంచానికి తెరిచి ఉంది, లోపల చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది. పాస్‌వర్డ్ మార్చుకోండని బీఎస్ఎన్ఎల్ వినియోగదారుల్ని కోరింది. అంతకు ముందు ఏడాది, 2016 లో, మిరాయ్ అనే బాట్‌నెట్ కూడా ఇలాగే అరవై చిల్లర ఫ్యాక్టరీ యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలతో కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. అక్టోబర్ 21 న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీని పడగొడితే ట్విట్టర్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు.

2017 లో మోడెమ్ పోయిన ఇళ్ళవాళ్ళలో ఎంతమంది ఫైర్‌వాల్ 'హై' పెట్టుకున్నారో, వాళ్ళకి అది ఏమైనా పనికొచ్చిందో అని ఆలోచించాను. చాలా డబ్బాల్లో ఫైర్‌వాల్ లెవెల్ చూసుకునేది రౌటర్ గుండా లోపలికి పోయేవాటిని. రౌటర్‌కే వచ్చేవాటిని, అంటే దాని లాగిన్ పేజీని, టెల్నెట్‌ని వేరే పేజీ చూసుకుంటుంది. రిమోట్ మేనేజ్‌మెంట్ అనో, యాక్సెస్ కంట్రోల్ అనో, సర్వీస్ కంట్రోల్ అనో పేరుంటుంది. అక్కడ వాన్ వైపు వెబ్, టెల్నెట్ టిక్కులు తీసేయాలి. ఆపరేటర్ మేనేజ్‌మెంట్‌ది మాత్రం ముట్టుకోకండి, కనెక్షన్ సెట్టింగ్స్ అందులోంచే వస్తుండొచ్చు.

అరుగు మీద కూర్చున్నవాళ్ళు

మా ఊళ్ళో ఇంటి నెట్‌వర్క్ అంటే ఇంట్లోవాళ్ళది మాత్రమే కాదు. ఫైబర్ ఉన్న ఇల్లు మా వీధిలో మాదొకటి. ఇంటర్ రిజల్ట్స్ రోజు మా అరుగు మీద పదిమంది ఉంటారు. కేవైసీ కోసం ఎవరో ఒక మామ వస్తాడు. కాఫీ గింజల డబ్బు ఖాతాలో పడిందా చూసుకోడానికి కొండ మీద ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు "పాస్‌వర్డ్ చెప్పు బాబూ" అంటారు. వద్దనలేం. అనకూడదు కూడా. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి వంద 4జీ టవర్లు ప్రారంభించారు, ఎక్కువ మా అల్లూరి జిల్లాలోనే. అయినా కొండ మలుపు తిరిగితే గీతలు పోతాయి.

అంటే మా చెక్‌పోస్ట్‌కి లోపలివైపు ఉన్న ఫోన్లలో సగం మా చేతిలో లేవు. వాటిలో ఏ యాప్‌లున్నాయో తెలీదు. ఫైర్‌వాల్ మాత్రం లోపలుంది కదా అని నమ్ముతుంది.

దీనికి మందు హై కాదు, గెస్ట్ నెట్‌వర్క్. చాలా డబ్బాల్లో రెండో వై-ఫై పేరు పెట్టుకునే వీలుంటుంది. దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, ఐసొలేషన్ టిక్ చేస్తే అందులో ఉన్న ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. గెస్ట్ వాళ్ళు మన ఇంటి నెట్‌వర్క్‌లోకి, రౌటర్ పేజీలోకి రాలేకుండా కూడా ఉండాలి. కొన్ని డబ్బాల్లో అది వేరే టిక్, అందుకని గెస్ట్‌లో చేరి 192.168.1.1 తెరుచుకుంటుందేమో చూడాలి. నేను ఆ పేరు "అరుగు" అని పెట్టాను. నాన్నకి నచ్చింది.

ఇక ఏపీకే దొంగల సంగతి. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ వస్తుంది. నొక్కితే ఫోన్‌లోకి దిగి ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పంపేస్తుంది. అది డేటా బయటికి మోసుకుపోయేది మామూలుగా 443 లోనే. పైగా మాట మొదలుపెట్టేది మన ఫోనే. కాపలా మనిషి రిజిస్టర్‌లో నంబర్ రాసుకుని సెల్యూట్ కొట్టి మరీ పంపిస్తాడు. హై లో ఉన్నా అంతే, 443 జాబితాలో ఉంటుంది కదా. అమ్మ అడిగిన ప్రశ్నకి ఇదీ నా జవాబు: నేను పెట్టిన హై పిన్ని కాల్‌ని ఆపింది. ఈ దొంగని ఆపేది కాదు.

దీని కోసం అమ్మ ఫోన్‌లో చేసిన పని చిన్నది. సెట్టింగ్స్‌లో, తెలియని చోట నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి తీసేశాను. డబ్బు పోతే వెంటనే 1930 కి చేయాలని గోడ మీద రాసి పెట్టాను. ఆ కాల్ చేయడానికి కూడా వై-ఫై కాలింగే కావాలి మాకు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది

మీడియం. ముందు వివరణ మొత్తం చదివి, లోపల నుంచి బయటికి అన్నీ వదులుతుందని ఖాయం చేసుకున్నాకే పెట్టాను. ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్. వాన్ వైపు రౌటర్ పేజీ, టెల్నెట్ ఆఫ్. డీఎంజెడ్ ఆఫ్. డీఎంజెడ్ అంటే పిలవని బండ్లన్నిటినీ ఒకే ఇంటికి పంపడం. కెమెరా పనిచేయడం లేదని తొందరలో ఇది ఆన్ చేసేవాళ్ళుంటారు. యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చేశాను. అది ఆన్‌లో ఉంటే లోపలున్న ఏ యాప్ అయినా మనల్ని అడగకుండానే కాపలా మనిషితో గేటు తెరిపించుకోవచ్చు. మీకు ఆన్‌లైన్ గేమ్స్ ఉంటే ఇబ్బంది కావచ్చు, మా ఇంట్లో ఆడేది కేరమ్స్.

పరీక్షించడం ఎలా? నేను చేసిన తప్పే చేయకండి, యూట్యూబ్ ఒక్కటి చూసి సరిపెట్టుకోకండి. ఇంట్లో ఎవరెవరు దేనికి నెట్ వాడతారో అడిగి రాసుకోండి, ఒక్కొక్కటీ చేయించి చూడండి. మా జాబితా ఇది: వై-ఫై కాల్ బయటికి, వై-ఫై కాల్ లోపలికి, వాట్సాప్ వీడియో కాల్, చెల్లి క్లాస్, టీవీ, యూపీఐ. కాల్ చేశాక రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేసి అరగంట ఆగి మళ్ళీ చేయాలి. పాత సొరంగం కాసేపు బతికే ఉండి మోసం చేయొచ్చు. తర్వాత ఒక ఫోన్‌లో వై-ఫై ఆఫ్ చేసి మొబైల్ డేటాతో, మా లెక్కలో పనస చెట్టు కింద నిలబడి, బయట నుంచి ఇంటి అడ్రస్‌కి పింగ్ కొట్టండి. పైన చెప్పిన 100.64 గోడ వెనకాల ఉంటే ఐపీవీ4 పింగ్ వల్ల తెలిసేది ఆపరేటర్ డబ్బా సంగతే, మీ ఇంటిది కాదు. అప్పుడు ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ ఐపీవీ6 అడ్రస్ మీద చూడండి. ఎన్‌మ్యాప్ తెలిసినవాళ్ళు దానితో చూడొచ్చు, మీ సొంత అడ్రస్ మీద మాత్రమే. పక్కింటివాళ్ళ మీద, కాలేజీ సర్వర్ మీద సరదాగా కొడితే ఐటీ చట్టం 2000 లో 43, 66 సెక్షన్లు అడ్డం తిరగొచ్చు. అవి సిలబస్‌లో లేవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మాలాంటి ఊళ్ళవాళ్ళకి ఒక హెచ్చరిక. డబ్బా వెనకాల సూదితో నొక్కే రీసెట్ రంధ్రం ఉంటుంది. ఏదైనా తేడా వస్తే సిటీలో అందరూ అదే నొక్కుతారు. నొక్కితే ఫైర్‌వాల్‌తో పాటు పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి, నెట్ మొత్తం ఆగిపోతుంది. టెక్నీషియన్ పాడేరు నుంచి రావాలి, వానైతే ఎప్పుడొస్తాడో చెప్పలేం. ముందే రౌటర్ పేజీలో బ్యాకప్ ఫైల్ దాచుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా కరెంటు నిలకడగా ఉన్న రోజే. వేసవిలో సాయంత్రం ఉరుములు మొదలయ్యాక అసలొద్దు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బ్రికర్‌బాట్ అక్కర్లేదు, మన ఇటుక మనమే చేసుకున్నట్టు.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి కాగితం మీద రాసి గోడ కేలండర్ వెనక అంటించాను. కాగితం మీద రాయకూడదని క్లాసులో చెప్పారు, తెలుసు. కానీ ఆ పాస్‌వర్డ్ కోసం వచ్చేవాడు ఇంటర్నెట్ అవతల ఉంటాడు, మా కేలండర్ దగ్గరికి రాడు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నాన్న ఒక్కడే పేజీ తెరవగలగాలి. పాస్‌వర్డ్ కింద నాలుగు లైన్లు రాశాను: ఏది ఎందులో ఉండాలి, ఏది ముట్టుకోకూడదు, మార్చినరోజు పిన్నికి ఫోన్ చేసి తిరిగి చేయమనాలి.

పోయిన వారం గాలివానకి కరెంటు పోయి వచ్చిందట. నాన్న నాకు చేశాడు, వై-ఫై కాలింగ్ మీదే. "మీడియం లోనే ఉంది, చూశాను. పిన్ని చేసింది, మోగింది" అని పెట్టేశాడు.